న్యూరాలజిస్టుకీ గైనకాలజిస్టుకీ మధ్య: ఎమ్మెస్‌తో గర్భనిరోధకం ఎంచుకున్న నా అనుభవం

నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎమ్మెస్) ఉందని తేలేనాటికి మా పాపకి రెండేళ్లు నిండాయి. ముందు ఎడమ కన్ను మసకబారింది. కళ్లజోడు మారిస్తే సరిపోతుందన్నారు. కొన్నాళ్లకి కుడికాలు మొద్దుబారింది, మెట్లు దిగుతుంటే చెప్పు ఊడిపోయినా తెలిసేది కాదు. ఎమ్మారై తీశారు, వెన్నులోంచి నీరు తీసి పరీక్షకి పంపారు, దాదాపు ఇవే లక్షణాలతో వచ్చే ఎన్‌ఎంఓ అనే ఇంకో జబ్బు కాదని రక్తపరీక్షతో తేల్చుకున్నారు. స్టెరాయిడ్ సెలైన్లు ఎక్కించాక కాస్త కోలుకున్నాను. ఆ కథంతా ఇక్కడ చెప్పను.

మన రోగనిరోధక శక్తే దారితప్పి నరాల మీదుండే మైలిన్ పొరని దెబ్బతీయడం ఈ జబ్బు. మగవాళ్ల కన్నా ఆడవాళ్లకి రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. అది కూడా ఎక్కువ మందికి ఇరవై, నలభై ఏళ్ల మధ్య బయటపడుతుంది. పెళ్లీ పిల్లలూ అంటూ ఇంటిల్లిపాదీ మన వెంటపడే వయసు అదే. అయినా డిశ్చార్జ్ చేసేటప్పుడు ఇచ్చిన కాగితాల్లో ఏం తినాలో ఉంది, ఎండలో తిరగొద్దని ఉంది, ఫిజియోథెరపీ ఉంది. గర్భం గురించి, అది రాకుండా చూసుకోవడం గురించి ఒక్క ముక్క లేదు.

ఆ మాట మందు దగ్గర వచ్చింది. జబ్బు మళ్లీ మళ్లీ దాడి చేయకుండా ఉండాలంటే ఏదో ఒక మందు ఏళ్ల తరబడి వాడాలి. ఇంజెక్షన్లున్నాయి, మాత్రలున్నాయి, ఆర్నెల్లకోసారి ఆసుపత్రిలో ఎక్కించేవి ఉన్నాయి. మా బడ్జెట్, నా ఎమ్మారై రెండూ చూసి డాక్టరు గారు టెరిఫ్లునమైడ్ 14 మిల్లీగ్రాములు రాశారు. రోజుకో మాత్ర. మన దేశంలో జెనెరిక్ దొరుకుతుంది కాబట్టి నెలనెలా కొనగలం. రాస్తూ రాస్తూ ఆగి అడిగారు: “పిల్లల సంగతి ఏమనుకుంటున్నారమ్మా?”

“ఇప్పుడప్పుడే లేదండీ.”

“ఇప్పుడప్పుడే అంటే కుదరదు. ఈ మాత్ర వాడుతున్నంత కాలం గర్భం రాకూడదు. బిడ్డకి అవయవ లోపాలు వచ్చే ప్రమాదం ఉంది. మందు ఆపేసినా వెంటనే పోదు, సగటున ఎనిమిది నెలలు, కొందరిలో రెండేళ్ల దాకా రక్తంలో ఉంటుంది. ముందు గర్భం లేదని పరీక్ష చేయించుకోండి. గట్టి జాగ్రత్త ఏదైనా మొదలుపెట్టాకే ఈ మాత్ర మొదలుపెట్టండి.”

గట్టి జాగ్రత్త అంటే ఏదండీ అనడిగితే, “అది గైనిక్ వాళ్లు చెప్తారు” అన్నారు. ఆయన తప్పు కాదు, ఆయన పని నరాల వరకే. కానీ అక్కడి నుంచి నా తిరుగుడు మొదలైంది.

ముందు మా ఇంటికి దగ్గర్లోని నర్సింగ్ హోముకి వెళ్లాను. ఆవిడ నా ఫైలు పైపైన తిప్పి, “ఇలాంటి జబ్బుకి హార్మోన్లు పడవు. పిల్లోడి కోసం చూడరా? లేకపోతే ఆపరేషన్ చేయించేసుకోండి” అన్నారు. పక్కన మా ఆయన ఉన్నాడు. నాకు ఏం పడుతుందో, ఏం పడదో, ఎందుకో చెప్పలేదు. రెండు నిమిషాల్లో బయటికొచ్చాం. ఎమ్మెస్ ఉన్నవాళ్లకి హార్మోన్లు పడవన్నది నిజం కాదని తర్వాత తెలిసింది. గర్భనిరోధక మాత్రల వల్ల ఎమ్మెస్ ముదిరినట్టు గానీ, దాడులు పెరిగినట్టు గానీ తేలలేదు. ఇబ్బంది ఉంటే వేరేచోట ఉంటుంది. ఆ వేరేచోట ఏదో తెలుసుకోవడమే ఈ పనిలో సగం.

ఆపరేషన్ మాట ఇంట్లో కూడా లేచింది. మా అమ్మకి ఇరవై మూడేళ్లకే, మా తమ్ముడు పుట్టిన వారానికే అయిపోయింది. ఆమె తోటివాళ్లకీ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో ఇది ఎంత మామూలు విషయమంటే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పెళ్లయిన పదిహేను, నలభై తొమ్మిదేళ్ల మధ్య ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశం మొత్తం మీద అది 38 శాతం లోపే. మగవాళ్ల ఆపరేషన్ దేశమంతా కలిపినా అర శాతం కూడా లేదు. అందుకే మా అమ్మకి నా తర్జనభర్జన అర్థం కాలేదు.

“ఒళ్లు బాగోలేనిదానివి, ఇంకా ఈ మాత్రలూ గీత్రలూ ఎందుకే? ఓ పూట పడుకుంటే అయిపోయేదానికి.”

“ఇంకొకళ్లు కావాలనుకుంటే అమ్మా?”

“ఈ కాళ్లతోనా?” అని, అన్నాక తనే నాలిక కరుచుకుంది.

మా అత్తయ్యది ఇంకో వాదం. ఎవరో చెప్పారట, కడుపుతో ఉంటే ఈ జబ్బు తగ్గుతుందని. ఆ మాటలో సగం నిజం ఉండటమే చిక్కు. 1998లో వచ్చిన యూరప్ అధ్యయనం ఒకటి ఈ విషయంలో పెద్ద మలుపు. అందులో ఎమ్మెస్ ఉన్న 254 మంది గర్భిణులను గమనించారు. గర్భం చివరి మూడు నెలల్లో దాడులు బాగా తగ్గాయి, కాన్పు తర్వాతి మూడు నెలల్లో మళ్లీ పెరిగాయి. అంతకు ముందు చాలామంది డాక్టర్లు ఎమ్మెస్ ఉంటే పిల్లల్ని కనొద్దనేవాళ్లు. ఇప్పుడు అలా అనరు. తల్లికి ఎమ్మెస్ ఉంటే బిడ్డకి వచ్చే అవకాశం నూటికి రెండు మూడు, అంతే. కానీ ‘కనొచ్చు’ అంటే ‘ఎప్పుడు పడితే అప్పుడు కనొచ్చు’ అని కాదు. టెరిఫ్లునమైడ్ ఒంట్లో ఉండగా అస్సలు కాదు. అత్తయ్యకి ఈ వివరమంతా నేను చెప్పలేదు. మా ఆయన చెప్పాడు. కొడుకు చెప్తే వింటారు.

అన్నట్టు, తను వేసెక్టమీకి సిద్ధమేనన్నాడు. నిజంగానే అన్నాడు, ఏదో మాటవరసకి కాదు. కత్తిగాటు లేకుండా చేసే పద్ధతిలో అది ఆడవాళ్ల ఆపరేషన్ కన్నా చాలా చిన్నది, మత్తు అక్కడి వరకే ఇస్తారు. కాకపోతే వెంటనే పనిచేయదు, మూడు నెలలు ఆగి వీర్యపరీక్ష చేయించుకోవాలి. ఎవరికి చేసినా రెండో బిడ్డ తలుపు మూసుకుపోతుంది కదా, అందుకే ఆ మాట అక్కడితో ఆపాం. రెండో బిడ్డ వద్దని తేల్చుకున్న జంటకి మాత్రం, భార్యకి ఎమ్మెస్ ఉంటే ముందుగా ఆలోచించాల్సింది ఇదేనని నా అభిప్రాయం. మందులన్నీ మింగేది ఆవిడే, సూదులన్నీ పొడిపించుకునేది ఆవిడే. ఈ ఒక్కటైనా ఆయన చేయించుకోవచ్చు.

ఈలోపు కండోమ్‌లు. మామూలు వాడకంలో ఏడాదికి వంద జంటల్లో పదమూడు జంటలకి గర్భం వచ్చేస్తుంది వాటితో. మామూలు మనుషులకి అది పర్వాలేదనిపించొచ్చు. టెరిఫ్లునమైడ్ వేసుకోవాల్సిన నాకు ఆ పదమూడు చాలా పెద్ద అంకె. అందుకే టెరిఫ్లునమైడ్ ఇంకా మొదలుపెట్టలేదు. స్ట్రిప్పు బీరువాలో ఉంది, నేనేమో మందు లేకుండా ఉన్నాను, ఏ రోజు ఏ కాలు మొద్దుబారుతుందోనని టెన్షన్. గర్భనిరోధకం తేలకపోతే ఎమ్మెస్‌కి మందు పడదు, ఇదీ పరిస్థితి.

ఫిజియోథెరపీలో పరిచయమైన ఒకావిడ ఇంకో గైనకాలజిస్టు పేరు చెప్పింది. పెద్దావిడ, మెల్లగా మాట్లాడతారు. కూర్చోగానే, “మీరు వాడే మాత్రల స్ట్రిప్పులన్నీ బల్ల మీద పెట్టండి. కాగితం కాదు, స్ట్రిప్పులే” అన్నారు. బ్యాగులోవన్నీ పోశాను. కాళ్ల బిగువుకి బాక్లోఫెన్, విటమిన్ డి, నీరసానికి మోడాఫినిల్, ఇంకా తెరవని టెరిఫ్లునమైడ్. ఆవిడ ఒక్కో స్ట్రిప్పూ తిప్పి వెనక పేరు చదువుతూ రెండు గుంపులు చేశారు. బాక్లోఫెన్, విటమిన్ ఒక పక్క. మోడాఫినిల్, టెరిఫ్లునమైడ్ ఇంకో పక్క.

“ఈ మోడాఫినిల్ ఎందుకు వాడుతున్నారు?”

“ఆఫీసులో మధ్యాహ్నానికి ఇక కూర్చోలేనండీ, నిద్ర కాదు, ఒంట్లో కరెంటు పోయినట్టు. అందుకిచ్చారు.”

“ఇది లివర్‌లో హార్మోన్లను తొందరగా అరిగించేస్తుంది. గర్భనిరోధక మాత్ర వేసుకున్నా సగం పనే చేయొచ్చు. చేతి చర్మం కింద పెట్టే హార్మోన్ ఇంప్లాంటు పరిస్థితీ అంతే. ఇది ఆపేసిన కొన్ని వారాల దాకా కూడా నమ్మడానికి లేదు. మీ న్యూరాలజిస్టుకి మీరు మాత్రలు వాడతారని తెలీదు, మాత్రలు రాసే డాక్టరుకి ఇది తెలీదు.” ఎమ్మెస్‌లో మొహం నరం నొప్పికి ఇచ్చే కార్బమజెపిన్‌ది కూడా ఇదే గుణమట. ఎమర్జెన్సీ మాత్ర బలం కూడా వీటితో తగ్గుతుందన్నారు. ఐ-పిల్ ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్లకి ఈ సంగతి తెలియాలి.

అప్పుడు కంప్యూటర్లో ఒక పట్టిక తీసి స్క్రీన్ నా వైపు తిప్పారు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ, డాక్టర్ల కోసం తయారుచేసినది. ఎడమ పక్క జబ్బుల పేర్లు, పైన గర్భనిరోధకాల పేర్లు, గళ్లలో ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు. ఒకటి అంటే అడ్డేం లేదు, రెండు అంటే నష్టం కన్నా లాభమే ఎక్కువ, మూడు అంటే లాభం కన్నా నష్టమే ఎక్కువ కావచ్చు, నాలుగు అంటే వద్దే వద్దు. 2016 నుంచి అందులో ఎమ్మెస్‌కి ఒక వరస ఉంది. గర్భాశయంలో పెట్టే రెండు రకాల లూప్‌లకీ (కాపర్-టీ, హార్మోన్ లూప్), ప్రొజెస్టిరాన్ ఒక్కటే ఉండే మాత్రకీ, ఇంప్లాంటుకీ ఒకటి. ఇంజెక్షన్‌కి రెండు. మామూలు గర్భనిరోధక మాత్రకి మాత్రం రెండు అంకెలున్నాయి: నడవగలిగేవాళ్లకి ఒకటి, ఎక్కువ కాలం కదలకుండా ఉండేవాళ్లకి మూడు.

“చూశారా, ఎమ్మెస్‌కి హార్మోన్లు పడవని ఇందులో ఎక్కడైనా ఉందా?” అని నవ్వారు. “మాత్రలోని ఈస్ట్రోజెన్‌తో కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం కొంచెం పెరుగుతుంది. కదలకుండా పడుకున్నా పెరుగుతుంది. రెండూ కలిస్తే చిక్కు. ఇవాళ మీరు నడుచుకుంటూనే వచ్చారు. రేపు దాడి వచ్చి రెండు వారాలు మంచం మీద ఉంటే?”

ఈ ప్రశ్న దగ్గర నాకు చాలాసేపు మాట రాలేదు. ఎమ్మెస్‌లో మన ఒంటి పరిస్థితి ఏ గడిలో ఉందో మనం తేల్చి చెప్పలేం. పోయిన వేసవిలో పల్నాడులో మా పుట్టింటికి వెళ్లినప్పుడు, రెంటచింతల ఎండల సంగతి తెలిసిందేగా, ఒళ్లు వేడెక్కేసరికి కాళ్లు సహకరించక నాలుగైదు రోజులు కూలర్ ముందే గడిపాను. అది కొత్త దాడి కాదు, వేడికి పాత లక్షణాలు పైకి లేవడం. చల్లబడితే తగ్గిపోతుంది. కానీ ఆ నాలుగైదు రోజులూ కదలని మనిషినే కదా.

ఆ మధ్యాహ్నం ఆవిడ ఒక్కొక్కటీ తీసి చూపిస్తూ పోయారు, నేను చెప్తూ పోయాను. మాత్ర: రక్తం గడ్డకట్టే సంగతి అలా ఉంచి, మోడాఫినిల్ ఉండనే ఉంది. పైగా టెరిఫ్లునమైడ్ రక్తంలో ఆ మాత్ర హార్మోన్ల మోతాదుని పెంచుతుంది. ఒక మందు తగ్గిస్తుంది, ఇంకోటి పెంచుతుంది, మధ్యలో నేను. రెండూ బీపీని పెంచగలవు కూడా. టెరిఫ్లునమైడ్‌తో మొదట్లో విరేచనాలు పట్టుకుంటే వేసుకున్న మాత్ర ఒంటికి పట్టదు. మర్చిపోవడం సంగతి సరేసరి. ప్రొజెస్టిరాన్ ఒక్కటే ఉండే చిన్న మాత్రతో గడ్డకట్టే భయం లేదు గానీ, రోజూ ఒకే టైముకి వేసుకోవాలి, మోడాఫినిల్ దాన్నీ వదలదు.

ఛాయ మాత్ర గురించి నేనే అడిగాను. మా ఆశా కార్యకర్త చెప్పింది, వారానికి ఒకటే, హార్మోన్ కాదు, సర్కారు ఆసుపత్రిలో ఉచితం అని. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ సీడీఆర్‌ఐలో మనవాళ్లే కనిపెట్టిన మందు అది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి. నాకు భలే నచ్చింది. “లివర్ జబ్బు ఉన్నవాళ్లకి అది ఇవ్వం. మీరు మొదలుపెట్టబోయే మాత్రకి లివర్ పరీక్ష మొదటి ఆరు నెలలూ నెలనెలా చేయించుకోవాలి. రేపు రిపోర్టు తేడాగా వస్తే దేనివల్లో ఎలా తెలుస్తుంది? లివర్ మీద కన్నేసి ఉంచాల్సిన మందు ఒకటి చాలు” అన్నారు. వేరే ఎమ్మెస్ మందు వాడేవాళ్లకి ఈ లెక్క వేరుగా ఉండొచ్చనీ అన్నారు.

అంతరా ఇంజెక్షన్ మూడు నెలలకోసారి. 2017 నుంచి సర్కారు కార్యక్రమంలో ఉంది. దాని మీద మోడాఫినిల్ ప్రభావం లేదు, మర్చిపోయే గొడవా లేదు. కానీ అది ఎముకల బలాన్ని కొంత తగ్గిస్తుంది. దాడి వచ్చినప్పుడల్లా స్టెరాయిడ్లు ఎక్కించుకునే నాకు ఎముకల సంగతి అసలే పట్టించుకోవాల్సినది, విటమిన్ డి కూడా అంతంతమాత్రం. పడి లేస్తుండే మనిషికి ఎముక విరగడం చిన్న విషయం కాదు. ఆపాక మళ్లీ గర్భం నిలవడానికి కొందరికి ఎనిమిది, పది నెలలు కూడా పడుతుంది. పడకపోతే తీసేయడానికి కూడా లేదు, మూడు నెలలూ భరించాల్సిందే.

ఇక మిగిలింది లూప్. కాపర్-టీ 380ఏ పదేళ్లు పనిచేస్తుంది, ఏ మందుతోనూ పేచీ లేదు, సర్కారులో ఉచితం. నాకు కూడా అదే వేద్దామనుకున్నారు ముందు. నెలసరి ఎలా ఉంటుందని అడిగి, హిమోగ్లోబిన్ రిపోర్టు చూసి ఆగారు. నాకు మొదటి నుంచీ బ్లీడింగ్ ఎక్కువ, రక్తం తక్కువ. కాపర్-టీతో అది ఇంకా పెరగొచ్చు. ఎమ్మెస్ నీరసానికి రక్తహీనత నీరసం తోడైతే ఏది ఏదో పోల్చుకోలేం, మోడాఫినిల్ మోతాదు పెంచుకుంటూ పోతాం. హార్మోన్ లూప్ అయితే అది గర్భాశయంలోనే ఉండి అక్కడే పనిచేస్తుంది, కాబట్టి లివర్‌లో హార్మోన్లను అరిగించే మందులతో దానికి పెద్దగా పని లేదు. బ్లీడింగ్ తగ్గుతుంది, ఐదేళ్లు ఉంటుంది, ఏడాదికి వందలో ఒకరికి కూడా గర్భం రాదు. తీయించుకుంటే వచ్చే నెల నుంచే ప్రయత్నించవచ్చు. ఖర్చు మాత్రం వేలల్లో. మా ఆయన, “నెలనెలా పెట్టేదాంతో పోలిస్తే ఇదెంత” అన్నాడు.

ఇంటికెళ్లి రెండు రోజులు ఆలోచించుకుని ఫోన్ చేశాను. హార్మోన్ లూపే.

ఆవిడ న్యూరాలజిస్టుకి ఉత్తరం రాశారు, ఏం వేస్తున్నారో, ఎందుకో, ఎప్పుడో. ఆయన దాని కిందే జవాబు రాసి పంపారు: వేసిన రోజు నుంచి వారం దాటాక టెరిఫ్లునమైడ్ మొదలుపెట్టవచ్చు, లూప్ వేసే రోజు ఉదయం బాక్లోఫెన్ తప్పకుండా వేసుకోవాలి, గది చల్లగా ఉంచాలి. ఇద్దరు డాక్టర్ల మధ్య ఆ కాగితం మోసిన పోస్ట్‌మ్యాన్‌ని నేనే. ఇప్పటికీ ఆ కాగితం ఫైల్లో అన్నిటికన్నా పైనే పెట్టుకుంటాను. ఏ కొత్త డాక్టరు దగ్గరికెళ్లినా ముందు అదే తీస్తాను.

లూప్ వేసిన రోజు సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఎమ్మెస్ ఉన్నవాళ్లకి ఇదే పెద్ద గండం, ఎవరూ ముందు చెప్పరు. బల్ల మీద పడుకోబెట్టి కాళ్లు రెండూ పైకెత్తి స్టాండ్లలో పెట్టారు. ఎడమకాలు బుద్ధిగానే ఉంది. కుడికాలు పెట్టిన నిమిషానికే తొడ లోపలి కండరం బిగుసుకుని మోకాలు ఎడమ వైపుకి మూసుకుపోయింది. పాదం దానంతటదే టకటకా కొట్టుకోవడం మొదలెట్టింది. ఆయమ్మ పాపం సాయం చేద్దామని మోకాలు బలంగా పక్కకి లాగింది. లాగేకొద్దీ అది ఇంకా బిగుసుకుంటుంది, ఈ జబ్బు తీరే అంత. “లాగకమ్మా, వదిలెయ్” అన్నారు డాక్టరమ్మ. స్టాండ్లు తీయించేశారు. నన్ను బల్ల చివరికి జరిపి, పాదాలు బల్ల మీదే ఆనించి, కుడి మోకాలి కింద రెండు దిండ్లు పెట్టించి, మా ఆయన్ని లోపలికి పిలిచి ఆ మోకాలి మీద అరచెయ్యి ఊరికే ఆనించమన్నారు. లాగడం కాదు, ఆనించడం. కొట్టుకోవడం ఆగేదాకా ఆవిడ గ్లౌజులు వేసుకుని కూర్చుని మా పాప స్కూలు గురించి అడిగారు.

వేసేటప్పుడు నొప్పి బాగానే ఉంది, అబద్ధమెందుకు. పొత్తికడుపులో ఒక్కసారిగా మెలిపెట్టింది. కళ్లు తిరిగితే అలాగే పడుకోబెట్టి ఉంచారు. అరగంట తర్వాత స్కానింగ్ చేసి సరిగ్గా కూర్చుందన్నారు. కాపర్-టీ అయినా హార్మోన్ లూప్ అయినా వేసే తీరు ఇదే కాబట్టి, కాళ్లు బిగుసుకునేవాళ్లు ముందే డాక్టరుకి చెప్పుకోవడం మంచిది. స్టాండ్లు తప్పనిసరేం కాదు, పక్కకి తిరిగి పడుకుని కూడా వేయించుకోవచ్చట.

వెళ్లేముందు ఒక మాట చెప్పారు. మామూలు ఆడవాళ్లకి లోపల ఇన్‌ఫెక్షన్ వచ్చినా లూప్ పక్కకి జరిగినా నొప్పి చెప్తుంది. నడుము కింద స్పర్శ తగ్గినవాళ్లకి ఆ నొప్పి తెలియకపోవచ్చు. అందుకని నొప్పి కోసం చూడొద్దు, జ్వరం, వాసనతో కూడిన తెల్లబట్ట, ఉన్నట్టుండి కాళ్ల బిగువు పెరగడం, వీటిలో ఏదొచ్చినా రావాలి. నాకు మూత్రం ఆపుకోలేని ఇబ్బంది కూడా ఉంది కాబట్టి, ఏ మంట దేనిదో నేనే తేల్చేసుకోకుండా పరీక్ష చేయించాలన్నారు.

దారాల సంగతి ఇంకోటి. లూప్ కింద రెండు సన్నటి దారాలుంటాయి, నెలకోసారి వేలితో తడిమి ఉన్నాయో లేదో చూసుకోమంటారు. నా కుడిచేతి వేళ్ల చివర్లు మొద్దు. చొక్కా గుండీ పెట్టాలంటే చూస్తూ పెట్టాలి. దారం ఎలా తెలుస్తుంది? ఎడమచేత్తో ప్రయత్నించాను, అలవాటు లేని చెయ్యి. డాక్టరమ్మ, “ఆ పరీక్ష మీరు పెట్టుకోకండి, నెలన్నరకి రండి, నేను చూస్తాను. తర్వాత ఏడాదికోసారి స్కానింగ్” అని తేల్చేశారు. దారం తగల్లేదని రాత్రంతా మేలుకునే పని తప్పింది.

మొదటి కొన్ని నెలలు చుక్కలు చుక్కలుగా బ్లీడింగ్, ఎప్పుడొస్తుందో తెలియదు, విసుగు. ఆ తర్వాత తగ్గింది, ఇప్పుడు కొన్ని నెలల్లో అసలు రాదు. అత్తయ్యకి అనుమానం వచ్చి రెండుసార్లు అడిగారు కూడా. ప్యాడ్ మార్చుకోవడానికి వంగి లేవడమే ఒక పనిగా ఉండే రోజులు నాకుంటాయి, ఆ రోజుల్లో ఇది ఎంత హాయో చెప్పలేను. హిమోగ్లోబిన్ పెరిగింది. అయితే నెలసరికి రెండు మూడు రోజుల ముందు కాళ్లు బరువెక్కడం నాకు మొదటి నుంచీ ఉంది. చాలామంది ఎమ్మెస్ ఆడవాళ్లకి ఉంటుందట. లూప్ తర్వాత అదీ పోతుందనుకున్నాను, పోలేదు. ఈ లూప్‌తో ఎక్కువ మందికి అండం మామూలుగానే విడుదలవుతుంది కాబట్టి ఆ నెలవారీ మార్పులు లోపల జరుగుతూనే ఉంటాయన్నారు. రక్తం రాని నెలల్లో కూడా నా కాళ్లు క్యాలెండర్ చూసుకుంటూనే ఉన్నాయి.

ఫిజియోథెరపీ దగ్గర కూర్చునే నలుగురిలో ఇప్పుడు ఈ మాటలు బాహాటంగానే నడుస్తాయి. ఒకమ్మాయి గ్లాటిరమర్ ఇంజెక్షన్ వాడుతుంది, దానితో ఇంత కట్టుదిట్టం అక్కర్లేదు, ఆమెకి కాపర్-టీ చక్కగా సరిపోయింది. ఇంకొకామె ఫింగోలిమాడ్ మీద ఉంది. దాన్ని గర్భానికి రెండు నెలల ముందే ఆపాలి, ఊరికే ఆపితే జబ్బు తిరగబెట్టే భయం. ఆమెకి పెళ్లి ఈ మధ్యే కుదిరింది, అబ్బాయికి జబ్బు సంగతి చెప్పింది, ఈ సంగతి ఇంకా చెప్పలేదు. నా లూప్ చూసి ఎవరైనా అదే కావాలంటే నేను ఒప్పుకోను. నీ స్ట్రిప్పులన్నీ తీసుకెళ్లి బల్ల మీద పొయ్యి అంటాను.

రెండో బిడ్డ సంగతి మేమింకా తేల్చుకోలేదు. ఒకవేళ అనుకుంటే ఏది ముందు, ఏది వెనక అన్నది మాత్రం ఇద్దరు డాక్టర్లనీ అడిగి రాయించుకున్నాను. ముందు టెరిఫ్లునమైడ్ ఆపాలి. ఊరికే ఆపితే రెండేళ్ల దాకా ఆగాల్సి రావొచ్చు కాబట్టి కొలెస్టిరమిన్ అనే పొడి నీళ్లలో కలుపుకుని 8 గ్రాముల చొప్పున రోజుకి మూడుసార్లు, పదకొండు రోజులు తాగాలి. అది పేగుల్లో మందుని పట్టేసి బయటికి పంపేస్తుంది. తర్వాత రక్తపరీక్ష, పద్నాలుగు రోజులాగి ఇంకో రక్తపరీక్ష. రెండింట్లోనూ లీటరుకి 0.02 మిల్లీగ్రాము కన్నా తక్కువుండాలి. ఆ మధ్యకాలంలో గర్భంతో పేచీ లేని మందుకి మారాలి. లూప్ తీయడం నిమిషం పని, కానీ అది అన్నిటికన్నా చివర. కొలెస్టిరమిన్ మా వీధి మందుల షాపులో లేదు. అబిడ్స్‌లో ఒక షాపు అతను వారం ముందు చెప్తే తెప్పిస్తానన్నాడు, నంబరు రాసిపెట్టుకున్నాను.